కరువు, కోపం, పసివాడు: అనంతపురం సీమ నేపథ్యంలో తండ్రి దండనపై ఒక చారిత్రక పరిశీలన

అనంతపురం సీమలో కరువులకు పేర్లున్నాయి. 1876లో మొదలై 1878 దాకా సాగిన మహాక్షామాన్ని, అది ఆరంభమైన తెలుగు సంవత్సరం పేరు మీద, ధాత కరువు అన్నారు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్లనూ, తూర్పు సముద్రం దూరం కావడంతో ఈశాన్య ఋతుపవనం బలం తగ్గి చేరడం వల్లనూ ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది. అదైనా అదునుకు రాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదలిపెట్టిన దత్త మండలాలలో ఇది ఒక భాగం. 1882లో బళ్ళారి నుండి విడివడి జిల్లా అయింది. 2022లో దీని నుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. ఈ రెండు శతాబ్దాల కరువులలో పండని పంటకు, మాఫీ అయిన శిస్తుకు, గంజి కేంద్రాల ఖర్చుకు ప్రభుత్వ కాగితాలలో లెక్కలున్నాయి. ఆ ఏళ్ళలో నాలుగు గోడల మధ్య పసివాళ్ళు తిన్న దెబ్బలకు ఎక్కడా లెక్క లేదు.

ధాత కరువులో పిల్లల గతి ఏమైందో కొంతవరకు తెలుసు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, దానిపై కొద్దిపాటి చిల్లరకూ కుదించాడు. పనిచేసే మనిషికి అది ప్రాణం నిలిపే తిండి కాదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. పెద్దవారికే చాలని ఆ కూలీలో పిల్లలకు మిగిలేది ఎంత? బిడ్డలను సహాయ శిబిరాల దగ్గర వదిలి వెళ్ళినవారున్నారు. దిక్కులేని పిల్లలను మిషనరీల అనాథ శరణాలయాలు చేర్చుకున్నాయి. ఆ తల్లిదండ్రులను ఈనాడు తప్పు పట్టడం తేలిక. కాని వదిలిపెట్టడం వేరు, కొట్టడం వేరు. అయినా ఈ రెండింటికీ సీమలో ఒకే సమాధానం వినిపిస్తూ వచ్చింది: కరువు మనిషిని అట్లా చేస్తుంది, కడుపు కాలినవాడికి కోపం చేతిలోనే ఉంటుంది అని. ఈ సమాధానంలో ఎంత న్యాయమున్నదో ఇస్లామీయ చరిత్ర ఆధారంగా పరిశీలించవలసి ఉన్నది. ఎందుకంటే ఆ చరిత్ర మొదలైనది కూడా వాన కరువైన నేల మీదనే.

పేదరికాన్ని సాకుగా చూపి బిడ్డలకు కీడు తలపెట్టడాన్ని దివ్య ఖుర్ఆన్ రెండు చోట్ల ప్రస్తావించింది. అన్ఆమ్ సూరా 151వ ఆయత్ ఇప్పటికే లేమిలో ఉన్న తల్లిదండ్రులను ఉద్దేశించినది. బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయత్ రేపు లేమి వస్తుందేమోనని భయపడేవారిని ఉద్దేశించినది. రెండింటిలోనూ సంతానాన్ని చంపరాదన్న నిషేధమే ఉన్నా, జీవనోపాధిని గూర్చిన హామీలో వరుస మారింది. మొదటి చోట అల్లాహ్ ముందుగా తల్లిదండ్రులకు, ఆపైన పిల్లలకు ఉపాధి ఇస్తానంటున్నాడు. రెండవ చోట ముందు పిల్లలకు, తరువాత తల్లిదండ్రులకు. ఇప్పుడు ఆకలితో ఉన్నవాడికి మొదట తన ఆకలి గురించిన హామీ కావాలి. ఇంకా రాని ఆకలికి భయపడేవానికి బిడ్డ తన వాటా తానే తెచ్చుకుంటాడని చెప్పాలి. ఇబ్నె కసీర్ మొదలైన వ్యాఖ్యాతలు ఈ భేదాన్ని వివరించారు. గమనించవలసినదేమంటే, పేదరికం మనిషి మీద తెచ్చే ఒత్తిడిని ఖుర్ఆన్ కాదనలేదు. దాన్ని పేరు పెట్టి చెప్పింది. చెప్పి, అది సాకుగా చెల్లదన్నది.

ఈ ఆయతులను తెలుగులోకి మొదట తెచ్చినవారు కరువు సీమకే చెందిన కళాశాలలో పాఠం చెప్పినవారు కావడం విశేషం. అనంతపురంలో 1916లో స్థాపితమైన దత్త మండల కళాశాలలో తెలుగు ఆచార్యులుగా ఉండిన డాక్టర్ చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ఆయన ముస్లిము కారు. 1928లో నంద్యాల సభలో దత్త మండలాలు అన్న పేరు తీసి రాయలసీమ అని పేరు పెట్టినవారూ ఆయనే. సీమకు పేరిచ్చిన పండితుడే ఖుర్ఆన్‌కు తొలి తెలుగు రూపం ఇచ్చారన్న సంగతి సీమ ముస్లిములలోనే చాలామందికి తెలియదు.

అజ్ఞాన కాలపు అరబ్బులు ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టేవారన్నది అందరికీ తెలిసినదే. తక్వీర్ సూరా 8, 9 ఆయతులలో ప్రళయదినాన ఆ శిశువునే ప్రశ్నించడం జరుగుతుంది: ఏ నేరానికి చంపబడ్డావని. నేరస్తుని వదలి బాధితురాలిని అడగడంలో ఎంత ఆగ్రహం ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ దురాచారానికి పరువు ఒక కారణమైతే లేమి రెండవ కారణమని మరచిపోతుంటారు. ప్రఖ్యాత కవి ఫరజ్దఖ్ తాతగారైన సఅసఆ బిన్ నాజియా ఇస్లాంకు ముందే ఇట్లాంటి బాలికలను కొని కాపాడేవాడు. ఒక్కొక్క శిశువుకు రెండు చూడి ఒంటెలను, ఒక మగ ఒంటెను ఇచ్చేవాడట. ఎందరిని కాపాడాడన్న లెక్కలో ఉల్లేఖనాలు భేదిస్తాయి. ఒంటెలిస్తే తండ్రి బిడ్డను వదిలేవాడంటే, ఆ చావుకు మూలం కొంతవరకైనా ఇంటి దరిద్రంలో ఉన్నదన్నమాట. ముమ్తహినా సూరా 12వ ఆయత్ ప్రకారం, మహనీయ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్త్రీల నుండి తీసుకున్న ప్రమాణంలో సంతానాన్ని చంపబోమన్న మాట కూడా చేరింది.

ఇవన్నీ హత్యకు సంబంధించిన మాటలు కదా, బిడ్డను దండించడానికీ వీటికీ సంబంధమేమి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయతుల విషయం హత్యే. అయితే అవి తీసివేసినది ఒక వాదాన్ని: నా బిడ్డ, నా లేమి, నా ఇష్టం అన్న వాదాన్ని. ఆ వాదం పోయిన తరువాత తొలి తరం ముస్లిములు బిడ్డల ఆకలిని, ఏడుపును ఏ విధంగా చూశారన్నదానికి హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలోని ఒక సంఘటన సాక్ష్యం. దీనిని ఇబ్నె సఅద్ తన తబఖాత్‌లో నమోదు చేశారు.

మదీనా శివార్లలో ఒక వర్తక బృందం దిగింది. ఉమర్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) రాత్రి కాపలా కాస్తున్నారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినవచ్చింది. ఉమర్ వెళ్ళి, అల్లాహ్‌కు భయపడి బిడ్డను చక్కగా చూసుకొమ్మని తల్లికి చెప్పి వచ్చారు. ఏడుపు ఆగలేదు. రెండవసారీ వెళ్ళారు. తెల్లవారుజామున మూడవసారి వెళ్ళి, నీవేమి తల్లివని మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఎరుగని ఆ తల్లి విసుగుతో అసలు సంగతి చెప్పింది: బిడ్డచేత పాలు మాన్పిస్తున్నాను, వాడు మానడం లేదు, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడు. బిడ్డ వయసు ఇంకా నెలలలోనే ఉన్నది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఉమర్ ఏడుపు వల్ల ఆయన పఠనం వెనుకనున్నవారికి స్పష్టంగా వినబడలేదట. నమాజు ముగించి, ముస్లిముల బిడ్డలను ఎందరిని చంపానో అని తన్ను తాను నిందించుకున్నారు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం ఉంటుందని చాటింపు వేయించారు. రాజ్యమంతటికీ ఆజ్ఞలు పంపారు. పుట్టిన శిశువుకు నూరు దిర్హములని చరిత్రకారులు పేర్కొన్నారు.

ఈ వృత్తాంతాన్ని ప్రసంగాలలో ఉమర్ వినయానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. అందులో అంతకు మించినది ఉన్నది. బిడ్డను ఏడిపిస్తున్న చేయి తల్లిది. ఆ చేతిని కదిలించినది ఖజానా నిబంధన. ఉమర్ మొదట తల్లిని మందలించారు. కారణం తెలియగానే నిబంధనను మార్చారు. అంతేకాని తల్లి పేదది కనుక బిడ్డ ఏడిస్తే ఏడవనీ అని వెళ్ళిపోలేదు. ఒక రాత్రిలో మూడుసార్లు ఆ గుడారం దగ్గరకు నడిచారు. మరొక రాత్రి, ఆకలికి ఏడ్చే పిల్లలను నిద్రపుచ్చడానికి ఖాళీ కుండను పొయ్యి మీద పెట్టి కూర్చున్న తల్లికి ఆయన తన భుజాన పిండి మూట మోసుకొచ్చి, తానే పొయ్యి ఊది వండిపెట్టిన కథ అస్లమ్ చెప్పినది. అది సీమలో పిల్లలకు కూడా వచ్చు. పిల్లలు తిని, ఆడుకొని నిద్రపోయేదాకా ఆయన చాటున కూర్చుని చూశారన్న చివరి భాగాన్ని మాత్రం చెప్పేవారు తక్కువ.

ఇక దండన సంగతి. బిడ్డను కొట్టడానికి ఆధారంగా సర్వత్రా చూపేది అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు. ఏడేళ్ళకు నమాజు చేయమని చెప్పమని, పదేళ్ళకు మానితే కొట్టమని, పడకలు వేరు చేయమని అందులో ఉన్నది. ఈ హదీసును తల్లిదండ్రులు కంఠస్థం చేసినంతగా దాని షరతులను చేయలేదు. పదేళ్ళ లోపు బిడ్డకు అందులో దెబ్బ లేదు. ఏడు నుండి పది వరకు మూడేళ్ళు కేవలం చెప్పడమే. రోజుకు ఐదు పూటల చొప్పున లెక్క వేస్తే ఐదు వేల సార్లకు పైగా చెప్పిన తరువాత మాట అది. అదీ నమాజుకు సంబంధించినది గాని, దుత్త పగిలినందుకో, మేక చేలో పడినందుకో, తండ్రికి అప్పులవాడి మీద వచ్చిన కోపానికో కాదు. ఆ దెబ్బ ఎట్లాంటిదో కూడా ఫుఖహాలు హద్దు గీశారు. హనఫీ గ్రంథమైన రద్దుల్ ముహ్తార్‌లో ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) చేతితోనే తప్ప కర్రతో కాదని, మూడింటికి మించరాదని వ్రాశారు. ముఖం మీద కొట్టడాన్ని ప్రవక్త (స) వారించిన హదీసు ముస్లిం సంకలనంలో ఉన్నది. సీమ ముస్లిములలో అధిక సంఖ్యాకులు హనఫీలే. చింతబరికెకు, ఎద్దులను తోలే చర్నాకోలకు, నడుముకు కట్టే తోలు పట్టీకి ఈ మజ్‌హబులో చోటు ఎక్కడున్నదో చూపవలసిన భారం వాటిని ఎత్తినవారిదే.

ఇంకొక విషయం. పదేళ్ళ వయసునే తీసుకుందాము. ప్రవక్త (స) మదీనా చేరిన నాటికి హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి)కు పదేళ్ళు. అప్పటి నుండి పదేళ్ళు ఆయన సేవలో ఉన్నారు. అంటే తండ్రులు ఏ వయసు చూపి బెత్తం తీస్తారో, సరిగ్గా ఆ వయసు బాలునితో ప్రవక్త (స) ఏ విధంగా మెలిగారో చరిత్రలో రోజువారీగా తెలుస్తున్నది. ఒకనాడు ప్రవక్త (స) ఏదో పని మీద అనస్‌ను పంపారు. అనస్ బజారులో ఆడుకుంటున్న పిల్లల దగ్గర నిలబడిపోయారు. వెనుక నుండి ఎవరో మెడ పట్టుకున్నట్లయింది. తిరిగి చూస్తే ప్రవక్త (స) నవ్వుతున్నారు. ముద్దుగా పేరు కుదించి పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. వెళుతున్నానని అనస్ అన్నారు. అంతటితో సరి. ఆ పదేళ్ళలో తనను ఒక్కసారి విసుక్కోలేదని, ఇదెందుకు చేశావు, అదెందుకు చేయలేదని నిలదీయలేదని అనస్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. యుద్ధరంగంలో తప్ప ఆయన తన చేతితో ఎవరినీ, స్త్రీని గాని సేవకుని గాని కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం. ఒక హదీసు అనుమతి చెబుతుంటే, అది చెప్పినవారి జీవితమంతా ఆ అనుమతిని వాడుకోకుండా గడిచిపోయింది. తనకు పదిమంది సంతానమనీ, ఒక్కరినీ ముద్దాడలేదనీ గొప్పగా చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్ అనే తెగనాయకునికి, కరుణ చూపనివానికి కరుణ దక్కదని ప్రవక్త (స) జవాబిచ్చినది కూడా మనుమడు హసన్‌ను ముద్దాడుతున్న సందర్భంలోనే.

తండ్రి చేతిలోని బెత్తం ఉస్తాదు చేతికి చేరిన కథ వేరొకటి. దక్కను ప్రాంతమంతటా బిడ్డను మక్తబులో అప్పగించేటప్పుడు తండ్రి అనే మాట ఒకటున్నది: హడ్డీ హమారీ, చమడీ తుమ్హారీ. ఎముకలు మావి, చర్మం మీది అని. వీధిబడులలో ఇతర మతస్తుల పిల్లలకూ ఇంతకన్న మేలు జరగలేదు. దూలానికి తాడు కట్టి పిల్లవాణ్ణి వేలాడదీసే కోదండం అక్కడి శిక్షే. కాని మక్తబులో జరిగినది ధర్మం పేరు మీద జరిగింది కనుక దానిని విడిగా చూడవలసి ఉన్నది. బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఉంచిన అమానతు అని ఇమాం గజాలీ (1058–1111) వ్రాశారు. అమానతు అంటే సొంతదారు వేరొకరని అర్థం. ఆ లెక్కన ఎముకలూ తండ్రివి కావు, చర్మమూ ఆయన పంచిపెట్టదగినది కాదు. ఖైరవాన్‌లో ఇబ్నె సహ్నూన్ (మరణం 870) ఉపాధ్యాయుల నియమాలపై వ్రాసిన చిన్న పుస్తకం ఈ విషయంలో తొలి రచనలలో ఒకటి. అందులో మూడు దెబ్బల హద్దు, తలపై ముఖంపై కొట్టరాదన్న నిషేధం ఉన్నాయి. ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమాలో కాఠిన్యం విద్యార్థులకు హాని చేస్తుందని ఒక అధ్యాయమే కేటాయించారు. దెబ్బల మధ్య పెరిగినవాడు ఉత్సాహం కోల్పోతాడని, చేతులు మీద పడతాయన్న భయంతో అబద్ధం, కపటం నేర్చుకుంటాడని, అదే చివరకు స్వభావమవుతుందని ఆయన పరిశీలన. అంతటితో ఆగక, పీడన కింద బ్రతికిన జాతులకూ ఇదే గతి పట్టిందన్నారు. పిల్లలను మితిమీరి కొట్టే ఉపాధ్యాయులను అడ్డుకోవడం ముహ్తసిబ్ విధులలో ఒకటని కూడా ఆయనే వ్రాశారు. అంటే ఆనాటి నగరాలలో అది ఇంటి వ్యవహారం కాదు, బజారు తూకంలాగే అధికారి చూడవలసిన వ్యవహారం.

దండనలో బిడ్డ ప్రాణం పోతే తండ్రి బాధ్యుడేనా అన్న ప్రశ్నకు ఇమాం అబూ హనీఫా జవాబు, బాధ్యుడేనని, నెత్తుటి పరిహారం చెల్లించాలని. దండించే అనుమతి బిడ్డ క్షేమంగా ఉండాలన్న షరతుకు లోబడినదని దాని భావం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇక్కడ గురువుతో ఏకీభవించలేదు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863–1943) ఇంకొక చిక్కును ఎత్తి చూపారు: పెద్దవానికి అన్యాయం చేస్తే క్షమాపణ అడగవచ్చు, బాలునికి చేస్తే అతడు క్షమించినా చెల్లదు, ఎందుకంటే యుక్తవయసు రానివాని క్షమకు షరీఅత్‌లో విలువ లేదు. సాయంకాలం మిఠాయి కొనిపెట్టి సరిపెట్టుకునే తండ్రులు ఈ మాట వినివుండరు.

అనంతపురం సీమలో బిడ్డకు విలువ లేదని దీని అర్థం కాదు. ఇక్కడ బిడ్డ మొక్కుకొని కన్న బిడ్డ. నార్పల మండలం గూగూడులో మొహర్రంకు కుళ్ళాయిస్వామి పీరు దగ్గర సంతానం కోసం మొక్కుకునేవారిలో హిందువులూ ముస్లిములూ ఉన్నారు. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అన్న పేర్లు ఊరూరా వినిపించడానికి కారణం అదే. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గాను బాబయ్య దర్గాగా కొలిచే జనంలో, ఒకప్పుడు పత్తి ఏకే వృత్తిలో ఉన్న దూదేకులవారు ముఖ్యులు. బాబయ్య, ఫకీరప్ప, ఫక్రుద్దీన్ పేర్లు వారి ఇళ్ళలో తరాలుగా నడుస్తున్నాయి. ఈ మొక్కులపై ఉలమా అభిప్రాయం వేరే చర్చ. చరిత్ర దృష్టితో చూస్తే అవి చెప్పేది ఒకటే: పసిచావులు ఎక్కువైన నేలలో బిడ్డ నిలవడమే ఒక దయగా భావించారు. అట్లా అడిగి తెచ్చుకున్న కుళ్ళాయప్పనే వేరుశనగ ఎండిన ఏడు వాకిట్లో వేపచెట్టుకు కట్టి కొట్టినవారు కూడా ఆ తల్లిదండ్రులే కావడం సీమ జీవితంలోని వైరుధ్యం.

ఇప్పటి కరువు రూపం మారింది. వాన తప్పిన ఏడు పెద్దవారు బెంగుళూరు కూలీకి పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, జేజి దగ్గరో మిగులుతారు, లేదా ఇటుకలు మోసే చోటికి వెంట వెళతారు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఇంటిలో హింసకు గురైనవారిలో 88.6 శాతం మందిని కొట్టినది తల్లిదండ్రులే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దండనను నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ బిడ్డను చూడవలసినవారే హింసిస్తే మూడేళ్ళ వరకు జైలు విధించవచ్చునన్నది. ఈ సెక్షన్‌లో ఒక మినహాయింపు గమనార్హం. తమ చేతిలో లేని పరిస్థితులలో బిడ్డను వదిలిపెట్టిన కన్నవారికి శిక్ష వర్తించదు. కొట్టినవారికి అట్లాంటి మినహాయింపు లేదు. ధాత కరువులో శిబిరాల వద్ద బిడ్డలను వదిలిన తల్లులను ఈ చట్టం శిక్షించి ఉండేది కాదు.

చట్టం ఉన్నా ఫిర్యాదు చేసేవారు ఉండరు. 1098 నంబరుకు ఫోను చేస్తే పిల్లల సహాయానికి మనుషులు వస్తారని తెలిసినా, జమాఅత్ పెద్దలు ఇంటి గుట్టు బయట పెట్టరాదంటారు. తండ్రి మీద ఫిర్యాదు చేయడం మర్యాద కాదంటారు. ఈ మర్యాద ఏ కాలం నుండి వచ్చిందో తెలియదు గాని, సహాబాల కాలం నుండి మాత్రం రాలేదు. ఇమాం మాలిక్ మువత్తాలో ఇందుకు ఒక దాఖలా ఉన్నది.

బనూ ముద్లిజ్ తెగలో ఖతాదా అనేవాడు కోపంలో కొడుకు మీదికి కత్తి విసిరాడు. కాలికి తగిలి, రక్తం ఆగక కొడుకు చనిపోయాడు. ఈ వార్తను ఉమర్ (రజి)కు చేరవేసినది ఏ శత్రువో కాదు. అదే తెగ పెద్ద సురాఖా బిన్ జుఅషుమ్. హిజ్రత్ నాడు బహుమతి ఆశతో ప్రవక్త (స)ను గుర్రం మీద వెంబడించి, తరువాత ఇస్లాం స్వీకరించిన సురాఖాయే ఈయన. తెగ పరువు అని ఆయన దాచలేదు. ఖుదైద్ నీటి దగ్గర 120 ఒంటెలను లెక్కపెట్టి ఉంచమని, తాను వస్తున్నానని ఉమర్ చెప్పి పంపారు. తండ్రికి మరణశిక్ష ఉండదన్నది అధిక సంఖ్యాక ఫుఖహాల మాట. బుద్ధిపూర్వకంగా చంపినట్లు తేలితే ఉంటుందని మాలికీలు అన్నారు. ఉమర్ పరిహారం విధించారు. ఖుదైద్ చేరి ఆ ఒంటెలలో మూడేళ్ళు నిండినవి 30, నాలుగేళ్ళు నిండినవి 30, చూడివి 40, మొత్తం నూరు ఎంచి తీశారు. చనిపోయినవాని సోదరుడు ఎక్కడని అడిగారు. అతడు ముందుకు వచ్చాడు. నూరు ఒంటెలూ అతనికే అప్పగించారు. చంపినవానికి వారసత్వం లేదన్న ప్రవక్త (స) తీర్పు ప్రకారం తండ్రికి అందులో ఒక్క ఒంటె కూడా రాలేదు.